వెనిస్‌లో వెండి సింహం, ఇంట్లో చిచ్చు, ఆస్కార్ గడపలో ఆగిన అడుగు: ‘ఫాక్స్‌ట్రాట్’ అవార్డుల లెక్క

ఒక సినిమాకు వెనిస్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి వచ్చింది. సొంత దేశంలో ఎనిమిది అవార్డులు వచ్చాయి. ఆ దేశపు సాంస్కృతిక మంత్రి మాత్రం అది సైన్యం పరువు తీసే సినిమా అని మండిపడ్డారు. అయినా ఆ దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లింది అదే. అక్కడ 92 సినిమాల పోటీలో చివరి తొమ్మిదింటి దాకా వచ్చి, ఐదింటిలోకి చేరలేక ఆగిపోయింది. ఇజ్రాయెల్ చిత్రం ‘ఫాక్స్‌ట్రాట్’ 2017–18లో చేసిన ప్రయాణం ఇది.

హీబ్రూ సినిమా పేరు అవార్డుల వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ కొన్ని సందేహాలు మళ్లీ తలెత్తుతాయి. సిల్వర్ లయన్ అంటే ఉత్తమ దర్శకుడి అవార్డేనా? ప్రభుత్వం పంపిన సినిమాను ప్రభుత్వమే ఎందుకు తిడుతుంది? షార్ట్‌లిస్ట్‌కూ నామినేషన్‌కూ తేడా ఏమిటి? అన్నిటికీ ఒకే జవాబు దొరకదు. అవార్డు అన్న ఒక్క మాట వెనుక వేరువేరు చేతులున్నాయి, వేరువేరు నిబంధనలున్నాయి. ఈ ఒక్క సినిమా వెంట నడిస్తే వాటిలో చాలా వరకు కనిపిస్తాయి.

తలుపు తట్టిన సైనికులు: ముందు కథ

కథ చెప్పకుండా ఈ గొడవను వివరించడం కుదరదు. సినిమా చూడాలనుకునేవారు ఈ భాగాన్ని దాటేయవచ్చు.

దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1962లో టెల్ అవీవ్‌లో పుట్టారు. 1982 లెబనాన్ యుద్ధంలో ట్యాంకులో గన్నర్‌గా పనిచేశారు. ఆ అనుభవాన్నే ‘లెబనాన్’ అనే సినిమాగా మలిచి, 2009లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచారు. ఇజ్రాయెల్ సినిమాకు ఆ బహుమతి రావడం అదే మొదలు. ఆ తర్వాతి సినిమాకు ఎనిమిదేళ్లు పట్టింది. అదే ‘ఫాక్స్‌ట్రాట్’.

మూడు అంకాల కథ. మొదటి అంకంలో టెల్ అవీవ్‌లోని ఒక ఇంటి తలుపు తడతారు సైనికులు. వాళ్లను చూడగానే తల్లి డఫ్నా కుప్పకూలుతుంది. వచ్చింది ఏ వార్తో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆమెకు మత్తు సూది వేసి పడుకోబెడతారు. తండ్రి మైకేల్‌కు నీళ్లు తాగించి, గంటగంటకూ నీళ్లు తాగమని గుర్తుచేసేలా అతని ఫోన్‌లో అలారం పెడతారు. కొడుకు పోయాడని తెలిసిన మనిషికి సైన్యం దగ్గర ఉన్న ఓదార్పు గ్లాసెడు నీళ్లు. కాసేపటికి తెలుస్తుంది, చనిపోయింది అదే పేరున్న ఇంకో సైనికుడని. ఊరట పడాల్సిన తండ్రి ఉగ్రుడవుతాడు. నా కొడుకును ఇప్పుడే ఇంటికి పంపండని పట్టుబడతాడు.

రెండో అంకం ఎక్కడో ఎడారి దారిలో ఉన్న తనిఖీ కేంద్రం. దాని సంకేతనామం ఫాక్స్‌ట్రాట్. నలుగురు కుర్ర సైనికులు పడుకునే కంటెయినర్ రోజురోజుకూ బురదలోకి కుంగిపోతుంటుంది. ఎంత ఒరిగిందో తెలుసుకోవడానికి వాళ్లు ఒక డబ్బాను దొర్లించి చూస్తుంటారు. దారిన ఒంటె వస్తే గేటెత్తి పంపిస్తారు. ఒకరాత్రి అరబ్ యువతీయువకులున్న కారు ఆగుతుంది. కారు తలుపు తెరుచుకున్నప్పుడు ఒక పానీయం డబ్బా కింద పడుతుంది. దాన్ని గ్రెనేడ్ అనుకుని కాల్పులు జరుపుతారు. కారులోని వాళ్లంతా చనిపోతారు. పై అధికారి వచ్చి కారును శవాలతో సహా బుల్డోజర్‌తో పూడ్పిస్తాడు. ఏమీ జరగలేదన్నట్టు తెల్లవారుతుంది.

మూడో అంకంలో మళ్లీ అదే ఇల్లు, విడిపోయిన భార్యాభర్తలు. తండ్రి పట్టుబట్టి రప్పించిన కొడుకు ఇంటికి వస్తూ, దారిలో ఒంటెను తప్పించబోయిన వాహనం బోల్తాపడి చనిపోయాడు. ఫాక్స్‌ట్రాట్ అనే నాట్యపు అడుగులు కూడా అంతే. ముందుకు, పక్కకు, వెనక్కు, పక్కకు. ఎటు కదిలినా మొదలుపెట్టిన చోటికే వస్తారు.

ఈ కథకు మూలం మావోజ్ ఇంట్లోనే ఉంది. స్కూలుకు ఎప్పుడూ ఆలస్యమై టాక్సీ డబ్బులడిగే పెద్ద కూతురిని, ఒకరోజు విసుగొచ్చి అందరిలా బస్సులో వెళ్లమన్నారు. కాసేపటికి ఆ మార్గంలోని బస్సులో బాంబు పేలిందని వార్త. కూతురికి ఫోన్ కలవలేదు. ఆ తర్వాత ఆమె ఇంటికి నడిచొచ్చింది. ఆ బస్సు ఆమెకు తప్పిపోయింది. తర్కం ప్రకారం సరైన పని చేసిన తండ్రి కూతురిని పోగొట్టుకోబోయాడన్న ఆ గంటసేపటి భయమే సినిమా అయిందని ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పారు.

వెనిస్‌లో వెండి సింహాలు రెండు

వెనిస్ చిత్రోత్సవపు అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్. 2017లో అది గిలెర్మో డెల్ తోరో తీసిన ‘ది షేప్ ఆఫ్ వాటర్’కు దక్కింది. తిరకాసు ఆ తర్వాతి మెట్టు దగ్గర ఉంది. సిల్వర్ లయన్ అనే పేరుతో అక్కడ రెండు వేరు బహుమతులిస్తారు. ఒకటి గ్రాండ్ జ్యూరీ ప్రైజ్, అంటే పోటీలో రెండో ఉత్తమ చిత్రానికి. ఇంకొకటి ఉత్తమ దర్శకుడికి. ‘ఫాక్స్‌ట్రాట్’కు వచ్చింది మొదటిది. ఆ ఏడాది ఉత్తమ దర్శకుడి సిల్వర్ లయన్ ఫ్రెంచ్ దర్శకుడు జేవియర్ లెగ్రాండ్‌కు వెళ్లింది. ‘సిల్వర్ లయన్ గెలిచిన దర్శకుడు మావోజ్’ అని రాస్తే తప్పు కాకపోయినా, చదివేవాళ్లు తప్పుగానే అర్థం చేసుకుంటారు.

ఇచ్చింది ఎవరు? నటి అనెట్ బెనింగ్ అధ్యక్షతన తొమ్మిది మంది. పోటీలో ఉన్న 21 సినిమాలను ఆ తొమ్మిది మందీ చూసి, ఒక గదిలో కూర్చుని వాదించుకుని తేలుస్తారు. చిత్రోత్సవపు జ్యూరీకి ఉన్న సుగుణం, లోపం రెండూ ఇవే. అందరూ అన్నీ చూస్తారు, కాబట్టి పట్టుబట్టి ఒక కష్టమైన సినిమాను గెలిపించే వీలుంటుంది. మనుషులు మారితే మాత్రం ఫలితం పూర్తిగా మారిపోవచ్చు. దేశాలతో ఈ తొమ్మిది మందికి సంబంధం లేదు. ఇజ్రాయెల్ ఈ సినిమాను వెనిస్‌కు ‘పంపలేదు’, చిత్రోత్సవమే ఎంచుకుంది.

ఓఫిర్: సొంతింటి అవార్డు, ఆస్కార్ టికెట్

షైకె ఓఫిర్ అనే నటుడి పేరు మీద ఇజ్రాయెల్ ఫిల్మ్ అకాడమీ ఇచ్చే అవార్డులు ఓఫిర్‌లు. ఓటు వేసేది సినిమా రంగంలో పనిచేసేవాళ్లు. 2017 సెప్టెంబరులో ‘ఫాక్స్‌ట్రాట్’ పదమూడు నామినేషన్లతో వెళ్లి ఎనిమిది గెలిచింది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, తండ్రి పాత్ర వేసిన లియోర్ ఆష్కెనాజీకి ఉత్తమ నటుడు, ఛాయాగ్రహణం వాటిలో ఉన్నాయి.

ఇక్కడే అసలు కీలకం. ఓఫిర్‌లో ఉత్తమ చిత్రంగా నిలిచిందే నేరుగా ఆ ఏడాది ఇజ్రాయెల్ ఆస్కార్ ఎంట్రీ అవుతుంది. మధ్యలో మంత్రి సంతకం లేదు, వేరే కమిటీ లేదు. ‘ఇజ్రాయెల్ పంపింది’ అని మనం రాసే వాక్యానికి ‘ఇజ్రాయెల్ సినిమావాళ్లు ఓటేశారు’ అని అర్థం.

మన దగ్గర పద్ధతి వేరు. ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పాటుచేసే కమిటీ ఒక సినిమాను ఎంచుతుంది. జాతీయ అవార్డు వచ్చినంత మాత్రాన ఆస్కార్‌కు వెళ్లాలని లేదు. 1986లో అలా ఎంపికైన తెలుగు సినిమా ‘స్వాతిముత్యం’. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ మన దేశపు ఎంట్రీ కాదు, గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ వెళ్లింది. అయినా ‘నాటు నాటు’ 2023లో ఆస్కార్ గెలవగలిగింది, ఎందుకంటే ఉత్తమ పాట విభాగానికి దేశం పంపాల్సిన అవసరమే లేదు. దేశం చేతిమీదుగా వెళ్లాల్సింది అప్పట్లో ‘విదేశీ భాషా చిత్రం’ అన్న, 2019 నుంచి ‘అంతర్జాతీయ చిత్రం’ అంటున్న ఒక్క విభాగానికే. 2022 సెప్టెంబరులో ‘ఆర్ఆర్ఆర్’ కోసం మన తెలుగు చర్చావేదికల్లో కారిన కన్నీళ్లలో సగం ఈ తేడా తెలియక కారినవే.

మంత్రి కోపం, దర్శకుడి జవాబు, మూడో పక్షం

అప్పటి సాంస్కృతిక మంత్రి మీరీ రెగెవ్ ఒకప్పుడు సైన్యానికి అధికార ప్రతినిధి. ఆమె అభ్యంతరమంతా కారును పూడ్చిపెట్టే దృశ్యం మీద. ఇజ్రాయెల్ సైన్యం అమాయకులను చంపి కప్పిపుచ్చుతుందని ప్రపంచానికి అబద్ధం చెబుతున్నారని ఆమె వాదన. సినిమా తాను చూడలేదని ఆమే ఒప్పుకున్నారు. దాంతో ఆమెను వెక్కిరించడం చాలామందికి సులువైంది. కానీ ఆమె వాదనలో ఎగతాళితో కొట్టిపారేయలేని ముక్క ఒకటుంది. ఈ సినిమాకు ప్రజాధనంతో నడిచే ఇజ్రాయెల్ ఫిల్మ్ ఫండ్ సాయం ఉంది. పిల్లలను సైన్యానికి పంపడం తప్పనిసరైన దేశంలో, పన్ను కట్టే తల్లిదండ్రులు తమ సొమ్ముతో ఇలాంటి సినిమా ఎందుకు తీయించాలని అడగడం అర్థంలేని ప్రశ్నేమీ కాదు.

దానికి సినిమావాళ్ల జవాబు రెండు భాగాలు. ప్రభుత్వం డబ్బు ఇచ్చేది కళకు, ప్రచారానికి కాదు. ఎవరికివ్వాలో నిర్ణయించే ఫండ్ మంత్రిత్వశాఖ జోక్యానికి దూరంగా ఉండటానికి కారణమే అది. రెండోది మావోజ్ చెప్పింది: తాను విమర్శించేది తానుండే చోటును కాపాడుకోవాలన్న ఆందోళనతో, ప్రేమతో. ఆ దృశ్యం ఫలానా రోజున ఫలానా చోట జరిగిందని ఆయన అనలేదు. బురదలో కుంగే కంటెయినర్ ఎలాగో, పూడ్చిన కారూ అలాగే ఒక ప్రతీక అన్నారు. నాకు ఇక్కడ కొంచెం సంకోచం ఉంది. ఒంటె, గన్ను పట్టుకుని నాట్యం, కార్టూన్ బొమ్మల్లో సాగే భాగం ఉన్న సినిమాను ఎవరూ డాక్యుమెంటరీ అనుకోరు, నిజమే. అయితే ప్రతీక కోసం ఎంచుకున్న చోటు నిజమైన తనిఖీ కేంద్రాలున్న నేల. రెండువైపులా జనం అక్కడ నిజంగా చనిపోతున్నప్పుడు ‘ఇది ప్రతీక’ అన్న మాట అంత తేలిగ్గా వాదన ముగించదు.

వార్తల్లో తక్కువగా కనిపించిన మూడో పక్షం కూడా ఉంది. హీబ్రూలో ‘యోరిమ్ వెబోఖిమ్’ అని ఒక మాట వాడతారు. కాలుస్తారు, ఆపై ఏడుస్తారు అని అర్థం. ఇజ్రాయెల్ యుద్ధ చిత్రాలు సైనికుడి అంతరాత్మ క్షోభను చూపించి సానుభూతి సంపాదిస్తాయని, చనిపోయిన అవతలివాళ్లకు పేరైనా ఉండదని ఈ విమర్శ. ‘ఫాక్స్‌ట్రాట్’ మీద దీన్ని పెట్టి చూడండి. కారులోని నలుగురి ఇళ్ల తలుపులు ఎవరు తట్టారో సినిమా చూపించదు. మంత్రికి ఈ సినిమా సైన్యానికి శత్రువుగా కనిపించింది, ఈ విమర్శకులకు మరీ మర్యాదస్తురాలిగా కనిపించింది. అవార్డులిచ్చినవాళ్లు ఈ రెండు వాదాల్లో దేన్నీ తీర్చలేదు, వాళ్లను అది ఎవరూ అడగలేదు కూడా.

92 నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి ఐదు

‘ఆస్కార్‌కు ఎంపికైంది’ అనే తెలుగు వాక్యం నాలుగు వేర్వేరు సంగతులను మోస్తుంది. దేశం పంపడం ఎంట్రీ. వడపోతలో మిగలడం షార్ట్‌లిస్ట్. చివరి ఐదులో చేరడం నామినేషన్. ఆ తర్వాతే గెలుపు.

2017లో జరిగిన క్రమం ఇలా ఉంటుంది. 92 దేశాలు తలా ఒక సినిమా పంపాయి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఉండే కొన్ని వందలమంది అకాడమీ సభ్యులు వాటిని పంచుకుని చూసి మార్కులు వేశారు. వాటితో ఆరు సినిమాలు తేలాయి. ఎక్కువమందికి నచ్చేవి మాత్రమే గట్టెక్కి, సాహసమున్నవి మునిగిపోతాయన్న భయంతో, ఒక చిన్న కార్యవర్గం మరో మూడింటిని చేర్చింది. మొత్తం తొమ్మిది. ఏ ఆరు మార్కులతో వచ్చాయో, ఏ మూడు చేయిపట్టి లాగినవో అకాడమీ చెప్పదు. డిసెంబరులో వచ్చిన ఆ జాబితాలో ‘ఫాక్స్‌ట్రాట్’ ఉంది. ఆ ఏడాది మన ఎంట్రీ ‘న్యూటన్’ లేదు.

తర్వాత లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, లండన్‌లలోని కమిటీలు తొమ్మిదినీ చూసి ఐదు చేశాయి. 2018 జనవరి 23న వచ్చిన పేర్లు చిలీ నుంచి ‘ఎ ఫెంటాస్టిక్ ఉమన్’, లెబనాన్ నుంచి ‘ది ఇన్సల్ట్’, రష్యా నుంచి ‘లవ్‌లెస్’, హంగరీ నుంచి ‘ఆన్ బాడీ అండ్ సోల్’, స్వీడన్ నుంచి ‘ది స్క్వేర్’. చివరికి చిలీ గెలిచింది.

‘ఫాక్స్‌ట్రాట్’ ఎందుకు తప్పిపోయింది? వివాదం దెబ్బతీసిందని కొందరు, రెండో అంకం నుంచి సినిమా తీరు మారిపోవడం సభ్యులకు రుచించలేదని కొందరు అన్నారు. అకాడమీ ఓట్ల లెక్క బయటపెట్టదు కాబట్టి ఇవన్నీ ఊహలే. ఒక్కటి మాత్రం గమనించవచ్చు. అదే జనవరిలో గోల్డెన్ గ్లోబ్ గెలిచిన జర్మనీ చిత్రం ‘ఇన్ ద ఫేడ్’ కూడా అదే గడప దగ్గర ఆగిపోయింది. అమెరికాలోనే నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ ఆ ఏడాది ఉత్తమ విదేశీ చిత్రంగా ఎంచింది ‘ఫాక్స్‌ట్రాట్’నే. ఇంకో చమత్కారం: వెనిస్‌లో దానికి వెండి సింహం ఇచ్చిన తొమ్మిది మందిలో ఇల్దికో ఎన్యెది ఒకరు. హంగరీ నుంచి చివరి ఐదుకు చేరిన సినిమా దర్శకురాలు ఆమే.

ఇజ్రాయెల్‌కు ఈ విభాగంలో ఇప్పటిదాకా పది నామినేషన్లు వచ్చాయి, ఒక్కసారీ గెలవలేదు. గెలుపు లేకుండా ఇన్ని నామినేషన్లు మరే దేశానికీ లేవు. మొదటిది 1964 నాటి ‘సల్లా షబ్బాతి’, చివరిది 2011 నాటి ‘ఫుట్‌నోట్’. ఆ ‘ఫుట్‌నోట్’ కథే అవార్డుల మీద అల్లింది. తల్ముద్ అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథంలో పండితులైన తండ్రీకొడుకుల్లో, కొడుక్కు ఇవ్వాల్సిన ఇజ్రాయెల్ ప్రైజ్ అనే ప్రభుత్వ పురస్కారం గురించి పొరపాటున తండ్రికి ఫోన్ చేస్తారు. ఇంటిపేరు ఒకటే కావడంతో వచ్చిన తిప్పలు. కొడుకుగా వేసింది లియోర్ ఆష్కెనాజీ. ఒక పేరుకు బదులు ఇంకో పేరు పిలిచే కథలు ఆయన్ను వెతుక్కుంటూ వస్తాయి కాబోలు.

ఎంత హీబ్రూ ఉంటే చాలు?

ఈ విభాగానికి భాషా నిబంధన ఒకటుంది: సంభాషణల్లో సగానికి మించి ఆంగ్లేతర భాషలో ఉండాలి. ‘ఫాక్స్‌ట్రాట్’కు దీంతో చిక్కులేదు. ప్రధానంగా హీబ్రూ, మైకేల్ తల్లి నోట కొంత జర్మన్. ఏ ఆంగ్లేతర భాష అన్నది అకాడమీకి పట్టదు.

చిక్కు 2007లో వచ్చింది. ఎరాన్ కొలిరిన్ తీసిన ‘ది బ్యాండ్స్ విజిట్’ ఎనిమిది ఓఫిర్‌లు గెలిచింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన పోలీసు వాద్యబృందం ఊరి పేరు ఉచ్చారణలో తేడా వల్ల ఎక్కడో ఎడారి పల్లెలో చిక్కుకుపోతుంది. ఈజిప్టు వాళ్లకు హీబ్రూ రాదు, ఊళ్లోవాళ్లకు అరబీ అంతంతమాత్రం. ఇక మిగిలింది ముక్కలుముక్కలుగా మాట్లాడే ఇంగ్లీషు. లెక్కవేస్తే సంభాషణల్లో సగానికి పైగా ఇంగ్లీషే తేలింది. అకాడమీ కాదంది. ఓఫిర్ గెలిచిన సినిమా పక్కకు జరిగి, ‘బోఫోర్’ దాని స్థానంలో వెళ్లింది, నామినేషన్ కూడా తెచ్చుకుంది.

అకాడమీ పక్షాన చెప్పాల్సింది ఉంది. ఆ గీత లేకపోతే బ్రిటన్, ఆస్ట్రేలియా సినిమాలు ఈ విభాగాన్ని మింగేస్తాయి. కొలిరిన్ పక్షాన కూడా ఉంది. చెన్నై రైల్లో కలిసిన తెలుగువాడూ బెంగాలీవాడూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకుంటే ఆ ప్రయాణం ఇంగ్లండుది అయిపోదు. పాత్రలను వాస్తవానికి దగ్గరగా మాట్లాడించినందుకే ఆ సినిమా అర్హత పోయింది. ఆ కథే తర్వాత బ్రాడ్‌వే సంగీత నాటకమై 2018లో పది టోనీ అవార్డులు గెలిచింది, ఇంగ్లీషులో.

బొమ్మ ఎవరిది?

ఈ విభాగపు ఆస్కార్ అధికారికంగా దేశానికి దక్కుతుంది. దర్శకుడు వేదిక మీద అందుకుంటాడు. ఈ ఏర్పాటుతో అందరూ సుఖంగా లేరు. 2009 నాటి ‘అజామి’ని ఇజ్రాయెల్ యూదుడు యారోన్ షానీ, పాలస్తీనా మూలాలున్న ఇజ్రాయెల్ పౌరుడు స్కందర్ కోప్తి కలిసి తీశారు. అందులో అరబీ, హీబ్రూ రెండూ ఉన్నాయి. ఇజ్రాయెల్ తరఫున నామినేట్ అయింది. వేడుకకు ముందు కోప్తి తాను ఇజ్రాయెల్‌కు ప్రతినిధిని కానని బహిరంగంగా చెప్పారు. సినిమా దేశానిదే, దర్శకుల్లో ఒకరు కాదన్నారు, నిబంధనలు మాత్రం ఎటూ కదలలేదు.

2025 సెప్టెంబరులో మళ్లీ అదే ముడి. షాయ్ కర్మెలీ పొల్లాక్ తీసిన ‘ది సీ’ ఓఫిర్ ఉత్తమ చిత్రంగా నిలిచి, నేరుగా ఇజ్రాయెల్ ఆస్కార్ ఎంట్రీ అయింది. సముద్రం చూడాలని వెస్ట్ బ్యాంక్ నుంచి టెల్ అవీవ్‌కు ఒంటరిగా బయలుదేరే పాలస్తీనా కుర్రాడి కథ. సాంస్కృతిక మంత్రి మికీ జోహార్ సినిమాను ఆపలేరు, ఎంట్రీని మార్చలేరు. ఆయన చేతిలో ఉన్నది వేడుకకు ఇచ్చే సొమ్ము. 2026 నుంచి అది ఆపేస్తామని ప్రకటించారు.

2017లో ఆష్కెనాజీ అందుకున్న ఉత్తమ నటుడి ఓఫిర్‌ను ఈసారి 13 ఏళ్ల ముహమ్మద్ గజావీ అందుకున్నాడు. సినిమాలో అతను మాట్లాడేది అరబీ.